ఐదో సారె బుట్ట

నిన్న జరిగిన సంగతి నేను చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది. ఆమె చెబితే మరింత రక్తి కడుతుంది కనుక, నేనే చెప్పడం క్షేమం.

రాయగడలో, అత్తవారింట, మా తమ్ముడి కూతురి సీమంతం. సునాబెడ నుంచి సారె మేమే తీసుకువెళ్లాలి. మీట నొక్కితే కప్పు మడతపడి డిక్కీలోకి వెళ్లిపోయే పాత కారొకటి మా మనవరాలు హారిక ఈమధ్యే విశాఖలో కొన్నది. బయలుదేరే ముందే కప్పు తెరిచేసింది. మిఠాయి బుట్టలు డిక్కీలో నేనే సర్దాను. పట్టుచీర మాత్రం వెనక సీట్లో మా ఆవిడ ఒడిలో ఉంది.

ఇటువంటి వాహనాల మీద నాకు సదభిప్రాయం లేదు. అయినా నిజం దాచకూడదు. లక్ష్మీపూర్ దాటాక తల వెనక్కి వాల్చాను. నీలగిరి చెట్ల కొసలు నా కళ్ల మీదుగా మెల్లగా ఈదుకుంటూ పోతున్నాయి. ఘాట్ దిగి వచ్చిన మబ్బొకటి, అడగకుండానే మా మధ్య కూర్చుంది. కాసేపు నాకు వయసు లేదు, పేరు లేదు.

ముక్కు మీద చినుకు పడింది.

"కప్పు మూసీ అమ్మీ! సీర తడిసిపోతాది!" అని మా ఆవిడ కేక. ఆ చీర తడిస్తే సీమంతంలో పిల్లకు కట్టించడానికి మరొకటి లేదు.

హారిక కారు పక్కకు ఆపి మీట నొక్కింది. టింగుమన్నది. కప్పు కదలలేదు!

నేను కర్మాగారంలో ఇంజిన్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. లేచి నిలబడ్డాను.

"ఏ యంత్రం మొరాయించినా మొదటి ప్రశ్న ఒక్కటే. చివరగా దాన్ని ముట్టుకున్నది ఎవరు?"

"నేనే తాతయ్యా. పొద్దున్న కడిగేను."

"అదీ సంగతి! స్విచ్‌లోకి నీళ్లు వెళ్లాయి."

స్విచ్‌ను ఉత్తరీయంతో తుడిచాను. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, పరీక్షించి, తిరిగి పెట్టాను. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. వాన పెరిగింది. మా ఆవిడ గొడుగు విప్పి చీరకు పట్టింది. తనకు కాదు, నాకసలే కాదు.

"ఏదో లైటు వెలుగుతంది తాతయ్యా. కారు పుస్తకం సూద్దునా?"

"అక్కరలేదు."

అయినా చూసింది. పైకి చదివింది కూడా. "డిక్కీలో మడిచిన కప్పుకూ సామాన్లకూ మధ్య ఉండే అడ్డుతెర రెండు పక్కలా కొక్కేలకు తగిలించి ఉంటేనే కప్పు కదులుతుంది."

నేను డిక్కీ వైపు చూడకుండా వాన వైపు చూశాను. వాన చప్పుడు ఎంతో హాయిగా వినిపించింది.

సారె బుట్టలు మా ఇళ్లలో బేసి సంఖ్యలోనే ఉండాలి. డిక్కీలో నాలుగు పట్టాయి. ఐదోది పట్టలేదు. అప్పుడు ఆ తెరకు ఒక పక్క కొక్కెం ఊడదీసి, బుట్టను లోపలికి తోసిన పెద్దమనిషి ఒకడున్నాడు.

"ఏటండీ," అంది మా ఆవిడ గొడుగు కిందనుంచి, అతి మెత్తగా. "సివరాకరికి ముట్టుకున్నదెవులు?"

బుట్ట తీశాను. తెర తగిలించాను. హారిక మీట నొక్కగానే కప్పు పెద్ద పక్షి రెక్కలా లేచి, మా మీదికి నిదానంగా వాలింది. చిన్న మబ్బు ముక్క ఒకటి లోపలే ఉండిపోయినట్టనిపించింది. చీర మీద ఒక్క చుక్క పడలేదు.

ఐదో బుట్ట మాత్రం రాయగడ దాకా తడిసిన నా ఒళ్లోనే ప్రయాణం చేసింది. గుమ్మంలో వియ్యపురాలు చూసి మురిసిపోయింది. "పెద్దోరు సారె బుట్టని ఒళ్లో ఎట్టుకుని తెచ్చేరర్రా! ఎంత పేమో!"

నేను గంభీరంగా తల పంకించాను. వెనకాల మా ఆవిడకు దగ్గు తెర వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.