ఇన్నారెడ్డి వసారాలో అన్నిటికీ అనుమతే

రెంటచింతల ఇన్నారెడ్డికి ఒకే ఒక జబ్బు ఉంది. ఆయన ఎవరినీ ఏ పనీ వద్దనడు. సిగరెట్టు కాలుస్తానన్నా, మందు తాగుతానన్నా, పేకాట ఆడతానన్నా, "కానియ్ నాయనా, కాకపోతే నా ముందర కానియ్" అంటాడు. పిల్లల్ని అదుపులో పెట్టడానికి ఊళ్లో మిగతా తండ్రులకు బెత్తాలు, బెదిరింపులు, దేవుడి మీద ఒట్లు ఉన్నాయి. ఇన్నారెడ్డికి మాత్రం వసారాలో ఒక నులకమంచం, దానికెదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉన్నాయి. తప్పు చేసేవాళ్లు మంచం మీద కూర్చోవాలి. ఇన్నారెడ్డి కుర్చీలో కూర్చుని చూస్తాడు.

పక్కింటి ఆంజనేయులుకు ఈ మాట చెవిన పడితే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది. ఆయన క్రమశిక్షణ మనిషి. కొడుకు సందీప్ నరసరావుపేటలో బీటెక్ చదువుతున్నా సరే, హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా సంచీ కిందికి దించకముందే గుమ్మంలో ఆపేవాడు.

"ఏదీ, ఊదు."

సందీప్ ఊదేవాడు. ప్రతిసారీ కమ్మటి సోంపు వాసన వచ్చేది. ఆంజనేయులు మీసం దువ్వుకుని, "చూశావటే మన పెంపకం?" అని భార్య వెంకటరమణమ్మ వైపు తిరిగేవాడు. సోంపు వాసన ఆమెకు ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా వస్తూనే ఉండేది.

ఎందుకంటే ఆంజనేయులు రోజూ సాయంత్రం పొలంలో మోటారు చూసొస్తానని వెళతాడు. పొలాలకు కరెంటు ఇచ్చేది పొద్దుటిపూట. అయినా మోటారును చూడాల్సింది సాయంత్రమే అని ఆయన సిద్ధాంతం. ఒకసారి మోటారు కాలిపోయి మాచర్లలో రిపేరుకు పోయింది. అది అక్కడ ఉన్నన్నాళ్లూ కూడా ఈయన ఇక్కడ షెడ్డుకు వెళ్లి చూసొచ్చాడు. షెడ్డు గూట్లో ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె, సోంపు డబ్బా ఉంటాయి. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం.

"మోటారు ఎట్టుందిరా ఆంజనేయులూ?" అని తిరిగొచ్చేటప్పుడు ఇన్నారెడ్డి వసారాలోంచి పలకరిస్తాడు.

"బాగానే ఉందన్నా."

"పొగేమన్నా వస్తందా?"

ఆంజనేయులు తల వంచుకుని ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. ఈయన కావాలని అడుగుతున్నాడో, మామూలుగా అడుగుతున్నాడో తెలిసేది కాదు.

ఇన్నారెడ్డి ఇట్లా తయారవడానికి ఒక కారణం ఉంది. చిన్నప్పుడు తండ్రికి భయపడి గడ్డివామి వెనక నక్కి బీడీ కాల్చాడు. రెంటచింతల ఎండకు బీడీతోపాటు వామి కూడా కాలింది. దాన్ని ఆనుకుని ఉన్న మేనత్త వామి కూడా పోయింది. "ఆ రోజు మా నాయన 'నా ముందర కాల్చరా' అనుంటే రెండు వాములు మిగిలేయి" అని ఆయన ఇప్పటికీ లెక్క చెబుతాడు.

సొంత కొడుకు బాలశౌరి మీసాలొచ్చే వయసులో సిగరెట్టు కాలుస్తున్నాడని తెలిసినప్పుడు ఇన్నారెడ్డి స్వయంగా పెట్టె కొనుక్కొచ్చాడు. కొడుకును మంచం మీద కూర్చోబెట్టి, అగ్గిపుల్ల గీసి, లోపలున్న భార్యను కేకేశాడు.

"ఏమే లూర్దూ! తొందరగా రా. మనోడు సిగరెట్టు కాలుస్తన్నాడు."

లూర్దుమేరి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "పొగ ముక్కులోంచి వదులుతావా నాయనా, నోట్లోంచా?" అని శ్రద్ధగా అడిగింది. అటుగా పోతున్న శేషమ్మ కూడా ఆగింది. బాలశౌరి రెండు దమ్ములు లాగి, "నాన్నా, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టుంది. నావల్ల కాదు" అని లేచాడు. అంతే, మళ్లీ ముట్టుకోలేదు.

పేకాట కూడా అట్లాగే చచ్చిపోయింది. తోటల్లో ఆడేవాళ్లను పిలిచి ఇంట్లోనే ఆడుకోమన్నాడు. గోడమీది ఏసు తిరుహృదయం పటం కింద కూర్చుంటే ఎవరికీ నోట్లోంచి బూతు రాలేదు. బూతు లేని పేకాట రుచించలేదు. మధ్యలో లూర్దుమేరి వచ్చి ఉప్మా పెట్టి, ఒక్కొక్కళ్ల భార్యల ఆరోగ్యం అడిగి వెళ్లింది. మరుసటి వారం ఎవరూ రాలేదు.

వదిలేసినవాళ్లు మిగిలిన సరుకు ఆయన దగ్గరే ఉంచి పోయేవాళ్లు. "పెట్టి పో నాయనా. మళ్లీ కావాలంటే ఎప్పుడన్నా రా, ఇస్తా. ఈ మంచం మీదే కానిచ్చుకో" అనేవాడు. సిగరెట్టు పెట్టెలు, ఖైనీ పొట్లాలు, పేకముక్కలు, సగం తాగిన క్వార్టరు సీసాలు, అన్నీ లూర్దుమేరి ఆవకాయ పెట్టుకునే పెద్ద జాడీలోకి చేరాయి. ఆమె పోరు అప్పటినుంచీ ఒకటే.

"నా జాడీ నాకియ్యి."

"ఇస్తాలేవే. జనం మారనీ."

"జనం మారేలోపు మామిడికాయలు పండిపోతయ్యి!"

ఈ వసారా పేరు గుడిదాకా పాకింది. ఫాదర్ గారు ఒకరోజు నవ్వుతూనే, "ఏం ఇన్నారెడ్డీ, పాపాలు ఒప్పుకోడానికి, పాపసంకీర్తనానికి మా దగ్గరికి రావలసినవాళ్లంతా మీ మంచం మీద కూర్చుంటున్నారట?" అన్నారు.

"మీకాడికి చేశాక వస్తారు ఫాదర్, నాకాడికి చెయ్యకముందు వస్తారు. మీ బేరం నేను చెడగొట్టడంలా" అన్నాడు ఇన్నారెడ్డి.

ఈ మధ్య పల్లెల్లోకి కూడా గంజాయి వస్తోందని బడి ఆవరణలో అవగాహన సదస్సు పెట్టారు. కొత్తగా వచ్చిన ఎస్సై చట్టం ఎంత కఠినమో వివరించాడు. ఆంజనేయులు ముందు వరసలో లేచి, "అమ్మేవాణ్ణి సెంటర్లో కట్టేసి కొట్టాల సార్. తాగేవాణ్ణి వాళ్ల నాయన కొట్టాల" అన్నాడు. చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే వెనక వరసలో ఇన్నారెడ్డి చెయ్యెత్తాడు.

"సారూ, నాకో సందేహం. ఒక సర్కారు మందు ఆపిద్ది, ఇంకో సర్కారు అమ్ముద్ది. ఏ ఏడు తాగితే తప్పో, ఏ ఏడు తాగితే దేశసేవో మాకెట్టా తెలిసిద్ది?"

జనం గొల్లున నవ్వారు. ఎస్సై కూడా నవ్వాపుకుని, "ఇది మందు సంగతి కాదు పెద్దాయనా, గంజాయి సంగతి" అన్నాడు.

"అదే అడుగుతన్నా. గంజాయి చానా చెడ్డది, ఒప్పుకుంటా. తెలవక మొదలెట్టి, మానుకుందామనుకున్న పిల్లోడు ఎవరికి చెప్పుకోవాల? మీకు చెబితే కేసు. నాయనకు చెబితే దెబ్బలు. వాడికి మిగిలిందెవరు? అమ్మినోడేగా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీలు వచ్చాయని ఎవరో అనడంతో సదస్సు ముగిసింది. ఇంటికి వచ్చేదారిలో ఆంజనేయులు కొడుకుతో, "చూశావా, ముసలోడికి ఎండ తలకెక్కింది" అన్నాడు. సెలవులకు వచ్చిన సందీప్ తల ఊపాడు. ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు ఇన్నారెడ్డి వసారాలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆంజనేయులు ముందు పట్టించుకోలేదు. తర్వాత వారానికోసారి ఇన్నారెడ్డి బండి వెనక కూర్చుని సందీప్ నరసరావుపేట వెళ్లడం మొదలైంది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు చూసి రావడానికి తోడు అన్నారు. మిరపకాయలను అన్నిసార్లు ఎందుకు చూడాలో ఆంజనేయులుకు అర్థం కాలేదు. సాయంత్రం మోటారు చూసే మనిషికి ఆ అనుమానం రాకూడదు గానీ, వచ్చింది.

ఒకరోజు వెంకటరమణమ్మ బట్టలు నానబెడుతుంటే సందీప్ పాత ప్యాంటు జేబులోంచి పల్చటి కాగితాల మడత ఒకటి పడింది. ఆంజనేయులు దాన్ని పట్టుకెళ్లి కిరాణా కొట్టు అలీ సాహెబ్‌కు చూపించాడు.

అలీ సాహెబ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది యాడిది భాయ్? గంజాయి చుట్టుకునే కాగితం."

ఆంజనేయులు కాగితాన్ని గుప్పిట్లో బిగించాడు. నా కొడుకు! ఇంటికొచ్చిన ప్రతిసారీ వాడిచేత ఊదించాడు. ఎప్పుడూ సోంపే. కాబట్టి ఇంట్లో తాగడం లేదు, హాస్టల్లోనూ తాగడం లేదు. ఇక మిగిలింది ఆ వసారా, ఆ మంచం, ఆ జాడీ. కొడుకును ఒక్క మాట అడగాలని ఆయనకు తోచలేదు. ఆ కొట్టు మెట్లు దిగి నేరుగా స్టేషనుకు వెళ్లాడు.

మిట్టమధ్యాహ్నం ఎస్సై, ఒక కానిస్టేబులు వచ్చారు. ఆ ఎండలో కుక్కలు కూడా నీడ వదలవు గానీ, జీపు వెనకాలే సగం వీధి వచ్చింది.

"రండి సారూ. ఏంది, ఇంత ఎండలో?" అన్నాడు ఇన్నారెడ్డి.

"మీ ఇల్లు తనిఖీ చెయ్యాలి."

"దానిదేముంది! కానియ్యండి. నా ముందర కానియ్యండి" అని ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

కానిస్టేబులు లోపల గదులన్నీ వెతికి వచ్చాడు. వంటింటి గుమ్మం పక్కన మూతికి గుడ్డ వాసెన కట్టిన పెద్ద జాడీ ఒక్కటే మిగిలింది. ఎస్సై అటు నడిచాడు. సరిగ్గా అప్పుడే సందీప్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. జాడీని చూశాడు, ఎస్సైని చూశాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆంజనేయులుకు అప్పుడు తెలిసొచ్చింది. జాడీ ఇన్నారెడ్డిదైనా అందులో ఉన్నది తన కొడుకుది. కేసు వాడి మీద పడుతుంది. చదువు, ఉద్యోగం, పరువు, అంతా ఆ మూత కింద ఉంది. ఆయన ఒక్క దూకున వెళ్లి జాడీని రెండు చేతులా కావలించుకున్నాడు.

"ముట్టుకోబాకండి సార్! ఇది మా వదిన ఆవకాయ!"

ఎస్సై ఆగిపోయాడు. "ఇందులో గంజాయి ఉందని చెప్పింది మీరే కదా?"

"ఎండదెబ్బ సార్. ఏందేందో వాగాను. మీ చేతులకు చెమటుంది, తడి తగిలితే ఏడాది పచ్చడి బూజుపట్టిద్ది. కావాలంటే నన్ను తీసుకుపోండి. జాడీని మాత్రం వదిలెయ్యండి."

జనం నోళ్లు తెరుచుకుని చూశారు. సందీప్ అయితే తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తండ్రి ఇంతమంది ముందు అబద్ధం ఆడటం వాడు ఎప్పుడూ చూడలేదు. అదీ తన కోసం.

"లే మరిదీ" అంది లూర్దుమేరి. పొడిగుడ్డతో చేతులు తుడుచుకుని వాసెన విప్పింది, మూత తీసింది. ఘుమాయించే కొత్త ఆవకాయ. ఎర్రటి నూనె అంచుదాకా తేలి ఉంది. అందరికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయింది ఆంజనేయులే.

"మొన్ననే కలిపా" అంది ఆమె. "జాడీ ఇస్తావా, పుట్టింటికి పోనా అన్నా. దానికి కూడా 'నా ముందర కానియ్' అంటాడేమోనని గుండెలు పీచుపీచుమన్నయ్యి. ఎందుకో ఈసారి మారుమాట్లాడకుండా ఖాళీ చేసిచ్చాడు."

ఎస్సై గుటక మింగాడు. వేడన్నం పెడతానంటే వద్దన్నాడు. రెండోసారి అంటే కూర్చున్నాడు. తిని లేస్తూ, తప్పుడు సమాచారం ఇవ్వడం కూడా నేరమేనని ఆంజనేయులును మందలించి, ఒక చిన్న సీసాలో ఆవకాయ పట్టుకుని వెళ్లాడు.

జనం వెళ్లిపోయాక ఆంజనేయులు మంచం మీద కూలబడ్డాడు. "అన్నా, జాడీలో ఉండాల్సింది ఏమైంది?"

"సదస్సు మర్నాడే వీడు పొట్లం తీసుకొచ్చాడు" అన్నాడు ఇన్నారెడ్డి. "దేనికీ వద్దననుగదా, నా ముందర కానియ్ అన్నా. మంచం మీద కూర్చుని చానాసేపు దాన్నే చూశాడు. 'కాల్చలేను పెదనాన్నా, మానలేను' అని ఏడ్చాడు. వాడి చేత్తోనే మరుగుదొడ్లో పోయించా. ఆ దెబ్బతో జాడీ మీద కూడా నాకు మనసిరిగింది. అప్పట్నుంచీ నరసరావుపేటలో డాక్టరు కాడికి తీసుకుపోతన్నా. నయమవుతాడంట. టైం పట్టిద్దంట. ఇందాక వాడు బెదిరింది ఈ సంగతి ఊరంతా తెలిసిద్దనే."

"మరి నాకెందుకు చెప్పలా?"

"వాడు చెప్పొద్దన్నాడు. వాడికి చెప్పుకోటానికి ఉన్నది ఒక్క గుమ్మం. దాన్ని కూడా నన్నే మూసెయ్యమంటావా?"

ఆంజనేయులు కొడుకు వైపు తిరిగాడు. "నువ్వొచ్చినప్పుడల్లా వాసన చూశాను గదరా. ఎప్పుడూ సోంపే వచ్చేది."

సందీప్ నేల చూశాడు. "నాకు ఆ ఉపాయం తెలిసింది మోటారు షెడ్డులోనే నాన్నా. గూట్లో నీ సోంపు డబ్బా చూశా."

గోడ అవతల వెంకటరమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆంజనేయులు చెవులదాకా ఎర్రబడ్డాడు. ఇంక దాచడానికి ఏమీ లేదని తెలిశాక ఆయనకు సిగ్గుతోపాటు కొంత హాయిగా కూడా అనిపించింది. రేపటి నుంచి డాక్టరు దగ్గరికి కొడుకును తానే తీసుకెళతానన్నాడు. సందీప్, పెదనాన్న కూడా రావాలన్నాడు. సరే అనుకున్నారు.

సాయంత్రమైంది. ఆంజనేయులు అలవాటుగా లేవబోయాడు.

"యాడికిరా?" అన్నాడు ఇన్నారెడ్డి.

"మోటారు..."

"అంత దూరం ఎందుకు తమ్ముడూ? నా ముందర కానియ్."

సందీప్ షెడ్డుకు పోయి బీడీకట్ట తెచ్చిచ్చాడు. ఇన్నారెడ్డి అగ్గిపుల్ల గీశాడు. లూర్దుమేరి వచ్చి నిలబడింది. వెంకటరమణమ్మ గోడ దాటి వచ్చింది. దారినపోయే శేషమ్మ కూడా ఆగింది. ఆంజనేయులు ఒక దమ్ము లాగాడు.

"పొగ ముక్కులోంచి వదులుతావా మరిదీ, నోట్లోంచా?" అని అడిగింది లూర్దుమేరి.

ఆయన దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుని బీడీ ఆర్పేశాడు. మిగిలిన కట్ట ఇన్నారెడ్డి చేతిలో పెడుతూ, "జాడీ ఏదన్నా?" అన్నాడు. లూర్దుమేరి ఒక్క అంగలో వెళ్లి, జాడీని వంటింట్లోకి లాక్కుని లోపల గడియ పెట్టుకుంది.

సందీప్ తండ్రికి మంచినీళ్లు ఇచ్చాడు. ఇంటి గుమ్మం దాకా చేయి పట్టుకుని నడిపించాడు. అక్కడ ఆపి, చాలా రోజుల తర్వాత మొదటిసారిగా నవ్వాడు.

"ఏదీ నాన్నా, ఊదు."