చౌడేశ్వరి బొటనవేలు

చంటిబిడ్డ తల మీద కత్తి పెట్టే ముందు చౌడేశ్వరి ఎడమచేతి బొటనవేలు నడినెత్తిని తడుముతుంది. అక్కడ ఎముక ఇంకా కలవని మెత్తని మాడు ఉంటుంది. కత్తి దాని పక్కగా జారిపోవాలి. తిరుమల కల్యాణకట్టలో పద్నాలుగేళ్లుగా గుండ్లు గీస్తున్న ఆ వేలికి తెలుసు, కుదురుగా కూర్చున్న బిడ్డ మాడు కాస్త లోతుగా ఉంటుందనీ, లోపల చిన్నగా కొట్టుకుంటూ ఉంటుందనీ.

ఆ పొద్దున నగరి నుంచి వచ్చిన నేతగాడు ధనంజయ ఒళ్లో తొమ్మిది నెలల ఆడబిడ్డ. ఏడుపూ లేదు, అరుపూ లేదు. తడుముతున్న వేలు ఠక్కున ఆగింది. మాడు లోతుగా లేదు. గాలి నిండా కొట్టిన ట్యూబులా బిర్రుగా ఉబ్బి ఉంది. నల్లగుడ్లు కిందికి జారి, పైన తెల్లగుడ్డు కనిపిస్తోంది.

చౌడేశ్వరి కత్తి కింద పెట్టేసింది.

"ఏమప్పా, బిడ్డ కక్కుకుంటా ఉండాదా?"

"పండ్లొస్తాండాయి, అందుకేనన్నాడు మా ఊరి డాక్టరు," అన్నాడు ధనంజయ.

పండ్లు! ఆ మాటకే చౌడేశ్వరికి ఒళ్లు మండిపోయింది. మూడేళ్ల కిందట ఆమె తమ్ముడు సుబ్బన్న కొడుక్కీ ఇలాగే మాడు ఉబ్బితే ఇంటిల్లిపాదీ పండ్లే అన్నారు. తన వేలు కాదంటున్నా నోరు మూసుకుని, నవ్వుతూ గుండు గీసింది. ఆస్పత్రికి పోయేసరికి మెదడులో గడ్డ పెరిగి, నీళ్లు దారి లేక తల నిండా నిలిచిపోయాయి. వాడు దక్కలేదు.

"గుండూ లేదు గిండూ లేదు. ముందు కిందికి పోయి పెద్దాస్పత్రిలో తల ఫొటో తీపియ్యండి."

ధనంజయ తల్లి మునిరత్నమ్మ గయ్యిమంది. "మొక్కు తీర్సుకోను వస్తే ఇదేం నోరమ్మా నీది? గీసేదానివి గీయి. డాక్టరమ్మ యేసాలు నీకెందుకు?"

"నెలనుంచీ నేనూ చెప్తానే ఉండా," అంది వెనక నుంచి బిడ్డ తల్లి భువనేశ్వరి. "పొద్దున లేస్తానే కక్కుతాది, నా మొగం సూడదు అని. ఎవురూ ఇనలా."

"నువ్వు నోరు ముయ్యి! ఇంకో ఆమె గీస్తాది, పదరా ధనంజయా."

చౌడేశ్వరి లేచి నిలబడి వరస మొత్తానికి వినబడేలా అరిచింది. "ఆ బిడ్డ తల మీద ఎవురూ కత్తి పెట్టొద్దండమ్మా! మాడు ఉబ్బుండాది!"

వరసలో గుండ్లు గీస్తున్న ఆడవాళ్లందరి కత్తులూ ఆగాయి. మునిరత్నమ్మను ఎవరూ రమ్మనలేదు. ధనంజయ తన బొటనవేలితో బిడ్డ నడినెత్తిని తాకి చూశాడు. బిడ్డను ఎత్తుకుని బస్సు దగ్గరికి పరుగెత్తాడు.

తిరుపతిలో స్కాన్ తీస్తే గడ్డే. ముందు నీళ్లకు దారి చేసి, తర్వాత తల తెరిచి గడ్డ తీశారు. ప్రాణం నిలిచింది, కుడికంటి చూపు పోయింది. నెల ముందు తెచ్చి ఉంటే ఆ కన్నూ దక్కేదేమో అన్నారు డాక్టర్లు.

ఆరు నెలల తర్వాత, డాక్టర్లు సరేనన్నాక, మళ్లీ వచ్చారు. మునిరత్నమ్మ చేతులు జోడించింది. "ఆ పొద్దు నీ నోట స్వామే పలికినాడు తల్లీ."

"స్వామి నెల ముందే పలికినాడవ్వా, నీ కోడలి నోట. ఇన్నావా నువ్వు? ఇనుంటే బిడ్డకి రెండు కండ్లూ ఉండేవి."

మునిరత్నమ్మ చేతులు దించేసింది. ధనంజయ అలవాటుగా బిడ్డతో కూర్చోబోయాడు.

"నువ్వు లెయ్యప్పా," చౌడేశ్వరి కసిరింది. "తల్లి ఒళ్లో కూసోబెడితేనే కత్తి పడతా."

భువనేశ్వరి బిడ్డను తీసుకుని కూర్చుంది. బొటనవేలు కుట్ల మచ్చను తప్పించుకుని నడినెత్తికి పోయింది. లోతుగా ఉంది, కొట్టుకుంటోంది. చూపులేని ఆ కుడికన్ను కనబడగానే చౌడేశ్వరి పళ్లు బిగబట్టి కత్తి అందుకుంది.