మోకాలి కింద రెండు బిళ్లలు

నా కుడిపాదం లేవడం లేదని నాకంటే ముందు నా వెనక నడిచే మనిషి కనిపెట్టింది. అనకాపల్లి స్టేషన్ వంతెన దిగుతున్నాను. "అమ్మా, సెప్పు ఒగ్గేసి ఎల్పోతన్నావు, సూసుకోలేదేటి?" అని అరిచింది. చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎప్పుడు జారిందో తెలియలేదు.

నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. అప్పటికే కొన్ని నెలలుగా మిషన్ తొక్కుతుంటే కుడికాలు ఆగిపోయేది. నీరసమనుకున్నాను. గడప తగిలి రెండుసార్లు పడ్డాక మా ఆయన విశాఖపట్నం తీసుకెళ్లాడు. స్కానింగులు తీసి, నడుంలోంచి నీరు తీసి, చివరికి డాక్టరుగారు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొర దెబ్బతినే జబ్బట. మందులతో అదుపులో పెట్టొచ్చు గానీ, పోయిన బలమంతా తిరిగొస్తుందని చెప్పలేనన్నారు. మా ఆయన ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. నేను ఏసీ నుంచి గోడ మీదికి కారుతున్న నీటిని చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చాకైనా వస్తుందని కొన్నాళ్లు ఎదురుచూశాను.

ఆ వేసవిలో వేడికి కాళ్లు మరీ మొరాయించాయి. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లేదాన్ని. వీధిలోకి వెళ్లడం మానేశాను.

వానలు పడ్డాక మళ్లీ విశాఖపట్నం వెళ్తే, ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక చిన్న మిషన్ తెచ్చింది. నా మోకాలి కింద రెండు జిగురు బిళ్లలు అతికించి, చెప్పులో మడమ కింద స్విచ్ పెట్టింది.

"మడమ లేవగానే నరానికి కరెంటు అందుతుంది, పాదం పైకి లేస్తుంది. భయపడకండి, చీమలు పాకినట్టుంటుంది."

అడుగేశాను. పాదం దానంతటదే లేచింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. కాలు ఈడ్చిన చప్పుడు లేదు.

"నడిసేత్తన్నావే!" అన్నాడు మా ఆయన.

"నాను కాదు, మిషను నడిపిత్తంది."

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఎన్నాళ్లు పెట్టుకుంటే నయమైపోద్దమ్మా?"

"ఇది జబ్బు నయం చెయ్యదండీ. పెట్టుకున్నంతసేపూ అడుగు సరిగా పడుతుంది. తీసేస్తే మళ్లీ మామూలే."

తిరుగు బస్సులో ఆయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. తర్వాత మెల్లిగా, "నీకేటనిపించింది?" అన్నాడు.

"ఏటీ అనిపించలేదు."

"పోనీ ఓపాలి ఏడిసెయ్యి. నువ్విలాగుంటే నాకు బయమేత్తంది."

ప్రయత్నించాను. రాలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను, అది పట్టుకోవాల్సిన సమయమని తెలిసి.

నెల తర్వాత, ఇంటికి తెచ్చుకున్న ఆ మిషన్ పెట్టుకుని దారాల కొట్టుకి ఒక్కదాన్నే వెళ్లాను. వెంట రావద్దని ముందే చెప్పాను. కొట్టాయన, "ఇన్నాళ్లూ కనపడలేదేటమ్మా?" అన్నాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి, మెరూన్ రంగు దారం తీసుకుని వచ్చేశాను. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"పడిపోలేదు గదా?"

"లేదు."

లోపలికెళ్లాక బిళ్లలు ఆయనే తీశాడు. చర్మం మీద రెండు ఎర్రటి మచ్చలు.

"మండతందా?"

"తెలీట్లేదు."

ఆయన కొబ్బరినూనె రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన వేళ్లని చూస్తూ కూర్చున్నాను.

"రేపు కూడా ఎల్తావా?"

"ఎల్తాను. హుక్కులు కావాలి."