భయం చక్కెర, బువ్వ చక్కెర

సారు పోయారని మొన్న సోమవారం పొద్దున నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ఆళ్లగడ్డ పక్కన మా ఊరి చేపల గుంత దగ్గర మేత కలుపుతున్నాను. కలిపిన మేత వేసి, చేతులు కడుక్కుని బస్సెక్కాను. మేత మధ్యలో వదిలేసి వస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు.

డిగ్రీలో నాకు జంతుశాస్త్రం చెప్పిన సారు ఆయన. నాకు వచ్చినవి అత్తెసరు మార్కులే. రిటైరయ్యాక కూడా ఆయన ఇంటి వరండాలో సిమెంటు తొట్టి పెట్టుకుని చేపలు పెంచేవారు. ఆయనకు షుగర్ ఉండేది. పొద్దున తన వేలు గుచ్చి చూసుకునే మిషనుతోనే చేపల నెత్తుట్లో చక్కెర కూడా చూసేవారు.

"నెలకు తెచ్చిన స్ట్రిప్పుల్లో సగం చేపలకే పోతాండాయప్పా" అని ఆయన భార్య ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

మొదట్లో నేను గుంతలో కొర్రమేను వేసి రెండేళ్లు గడిచినా చేప ఎదగలేదు. పొట్టలు ఉబ్బేవి, ఒళ్లు రాలేదు. కొన్ని చచ్చి తేలేవి. గుంత పూడ్చి వరి పెడదామని మా నాయన జేసీబీ మాట్లాడాడు. నెల గడువు. ఆ గుంత తప్ప నాకు వేరే పని చేతకాదు. పోయి సారుకు చెప్పాను.

"ఏం పెడతాండావ్?"

"నూకలు ఉడికించి, తవుడు కలిపి ముద్దలు వేస్తాండా సార్. కడుపునిండా తింటాయి."

"ఎవురు చెప్పినారు?"

"మా మామ రాగండి చేపలకు అవే వేస్తాడు."

"రాగండి నాచూ నలుసూ తిని బతికే చేప. కొర్రమేను తోటి చేపల్ని మింగేది. నువ్వు పులిని తెచ్చి దొడ్లో కట్టేసి గడ్డి వేస్తాండావ్."

ఆ వారమే మా ఊరొచ్చారు. కొన్ని చేపలను ముందురోజు గుంతలోనే వల అడ్డం కట్టి పస్తు పెట్టి, వాటినీ మిగతావాటిలో కొన్నిటినీ పట్టి ఉంచమన్నారు. ఆయన్ను కాచుకోబెట్టకూడదని నేను పొద్దున్నించీ ఇద్దరు మనుషులతో వల లాగి, చేపలను తొట్లో వేసి పెట్టాను. మిషనులో అన్నిటికీ చక్కెర ఎక్కువే. పస్తున్నవాటికీ ఎక్కువే.

గట్టు మీద నిలబడిన మా నాయన, "చేపకు షుగరేంది సార్, నాకే లేదు!" అన్నాడు. అందరికంటే గట్టిగా సారే నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎంతసేపు తరిమినావ్?" అని అడిగారు. చెప్పాను.

"ఇది బువ్వ చక్కెర కాదప్పా, భయం చక్కెర. కుక్క తరిమితే నీకూ ఇంతే. పారిపోయేదానికి ఒళ్లే చక్కెర వదుల్తాది."

కసురుకోలేదు. ఈసారి ఎట్లా చేయాలో చెప్పి, చాగలమర్రి నుంచి వచ్చే బస్సెక్కి వెళ్లిపోయారు.

ఆయన చెప్పినట్టు గుంత మూలలో వలతో రెండు అరలు కట్టాను. ఒక అరలో నా ముద్దలు, ఇంకో అరలో తరిగిన చిన్నచేపలు. పది రోజులకు సారు మళ్లీ వచ్చారు. వాళ్ల అన్న కిరాణా కొట్టు నుంచి లవంగనూనె సీసా తెచ్చారు. మేతకు వచ్చిన చేపను తరమకుండా చేతివలతో తీసి, నాలుగు చుక్కల నూనె కలిపిన బకెట్లో వదిలితే మత్తుగా పక్కకు ఒరుగుతుంది. తోక దగ్గర ఒక్క చుక్క నెత్తురు తీసి మంచినీళ్లలో వేస్తే మళ్లీ తేరుకుంటుంది. మేత తిన్న కాసేపటికి ఒకసారి చూశారు. రాత్రి మా ఇంట్లోనే పడుకుని మర్నాడు పొద్దున మళ్లీ చూశారు. చిన్నచేపలు తిన్నవాటిలో చక్కెర మామూలుగా ఉంది. ముద్దలు తిన్నవాటిలో ఇంకా దిగలేదు.

"చక్కెరను సర్దే ఇన్సులిన్ చేపకూ ఉందన్నా" అని మా నాయనతో చెప్పారు. "అయితే ఈ చేపలో అది మాంసానికి లేసినంత బాగా బువ్వకు లేయదు. బువ్వ చక్కెర నెత్తుట్లోనే తిరుగుతాది. మిగిలింది కార్జంలో పేరుకుంటాది."

మా నాయన మిషను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నిన్న తినింది ఈ పొద్దుటికీ దిగలేదా?" అన్నాడు. ఆ తర్వాత నాతో, "జేసీబీ వద్దని చెప్పురా. ఒక్క ఏడు చూస్తాం" అన్నాడు.

బస్టాండు దాకా నడుస్తూ, ఇన్ని చేపల్ని నేనే చంపినానని సారుతో అన్నాను.

"చేపను తప్పు పట్టొద్దు, నిన్నూ తప్పు పట్టుకోవద్దు. మేత మార్చు" అన్నారు. కొంచెం దూరం పోయాక, "ఇదంతా పుస్తకాల్లో ఉండేదే. మన గుంతలో ఉందా లేదా అని చూసినాం, అంతే" అన్నారు. తాను చేసిన పనిని ఆయన అంతకంటే పెద్ద మాటల్లో చెప్పగా నేను వినలేదు.

మేత మార్చాను. ఆ ఏడే చేపకు ఒళ్లొచ్చింది. బండి ఆత్మకూరు వైపు నుంచి కూడా రైతులు వచ్చి మేత చూసిపోతున్నారు. చక్కెర ఎట్లా చూడాలని అడిగినవాళ్లకు, ముందు తరిమే వల పక్కన పెట్టమని చెబుతున్నాను.

సారు అంత్యక్రియలయ్యాక మర్నాడు పొద్దున ఊరికి తిరిగొచ్చాను. మా నాయన గుంత గట్టున తువ్వాలు విసురుతూ కొంగలను తోలుతున్నాడు. నన్ను చూసి, మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టి, నీళ్ల వైపు చూపించాడు. గడ్డి పక్కన ఎర్రటి పిల్లలు, వేలల్లో, ఒక్క ముద్దగా నీటి మీద మెదులుతున్నాయి. వాటి కింద తల్లి కొర్రమేను నల్లగా, కదలకుండా ఉంది. మా నీడ పడగానే పిల్లలన్నీ ఒక్కసారి మునిగాయి. మేం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాసేపటికి, కొంచెం అవతలగా, నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.