దక్షిణామూర్తి మాస్టారికి వినబడని చప్పుడు

దక్షిణామూర్తి మాస్టారి ఇంటికి ఎవరు వెళ్లినా ముందు మంచినీళ్లు వచ్చేవి, వెనకాలే ఒక ప్రశ్న వచ్చేది. "ఏమైనా చప్పుడు వినబడుతోందా మీకు?" పెద్దవాళ్లు ఏం చెప్పినా ఆయన అంతగా పట్టించుకునేవారు కాదు. వెంట పిల్లలుంటే మాత్రం వాళ్లకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

"ఫ్యాను చప్పుడు వినబడుతోందండి," అనేది ఒక పిల్ల.

"అది కాదమ్మా. సన్నగా, సూదితో పొడిచినట్టు?"

"లేదండి."

అప్పుడు గానీ ఆయన మొహం తేటపడేది కాదు. అమలాపురంలో ఆ వీధివాళ్లు దాన్ని రిటైరైన ఫిజిక్సు లెక్చరరు చాదస్తం కింద జమకట్టి నవ్వుకునేవారు. ఇప్పుడు ఆ ఇంట్లో మంచినీళ్లు ఇస్తారు, ప్రశ్న అడిగే మనిషి లేరు. గ్లాసు కింద పెట్టాక కాసేపు ఆ ప్రశ్న కోసం ఎదురుచూడటం వెళ్లినవాళ్లకి ఇంకా అలవాటు తప్పలేదు.

ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. పాఠాలన్నిటిలోకీ అతిధ్వనుల పాఠమంటే ఆయనకు ప్రాణం. మనిషి చెవికి అందని శబ్దం చేత మనిషి ఎన్ని పనులు చేయించుకుంటున్నాడో చెప్పేటప్పుడు ఆయన గొంతు ఒక మెట్టు పైకి వెళ్లేది. ఓడ అడుగు నుంచి శబ్దాన్ని నీళ్లలోకి వదిలి, అది నేలకు తగిలి తిరిగొచ్చేదాకా ఆగి, సముద్రం లోతు లెక్కకట్టడం గురించి చెప్పేవారు. కత్తి పెట్టకుండా కడుపులో బిడ్డను చూడటం గురించి చెప్పేవారు. చివరికి ఎప్పుడూ రాజమండ్రి వంతెన దగ్గర తేలేవారు. "రైలుపట్టా పైకి నున్నగానే ఉంటుందిరా. లోపల వెంట్రుకంత పగులుంటే ఏ కంటికి కనబడుతుంది? శబ్దాన్ని లోపలికి పంపితే పగులు దగ్గర తగిలి వెనక్కొచ్చి, ఇదిగో ఇక్కడుందని చెప్తుంది. ఇనుము అబద్ధమాడదు!"

అదే పాఠంలో, మనిషి చెవికి పై హద్దు సెకనుకు ఇరవై వేల కంపనాలని ఒక వాక్యం ఉండేది. వయసు మీద పడే కొద్దీ ఆ హద్దు దిగివస్తుందని ఇంకో వాక్యం. మొదటిదాన్ని ఆయన వల్లె వేయించేవారు. రెండోదాని దగ్గరకొచ్చేసరికి, "ఇది పరీక్షకి రాదు, పదండి," అని దాటేసేవారు.

ఆయనకు పిల్లలు లేరు. జంగారెడ్డిగూడెంలో ఉన్న చెల్లెలి కూతురు శ్రీదుర్గ టెన్త్ మంచి మార్కులతో ప్యాసైనప్పుడు, ఇంటర్ తన దగ్గరుండి చదువుకుంటుందని తెచ్చుకున్నారు. శ్రీదుర్గకు మాట తక్కువ, డౌట్లు ఎక్కువ. జడ కొస నోట్లో పెట్టుకుని ఆలోచించేది, ఉన్నట్టుండి లేచొచ్చి, "అదెందుకలా మావయ్యా?" అనేది. అన్నం చల్లారిపోతున్నా ఆయన కంచం మీద వేలితో బొమ్మ గీసి చెప్పేవారు. మేనమామ, మేనకోడలు అలా తలలు దగ్గర పెట్టుకుంటే ఆయన భార్య వరహాలక్ష్మి గారు చారు గిన్నె పట్టుకుని నిలబడిపోయేవారు.

ఆ అమ్మాయికిచ్చిన గది ధాన్యం గది పక్కది. సార్వా పంట కోతలయ్యాక కౌలు ధాన్యం అందులోకి వచ్చేది, బస్తాల వెంట ఎలకలూ వచ్చేవి. అప్పటిదాకా ఏసురాజు అనే అతను వెదురు బుట్టల్లో ఉచ్చు పెట్టి ఎలకల్ని చంపి పట్టుకెళ్లేవాడు. ఇంట్లో ప్రాణి చావడం వరహాలక్ష్మి గారికి గిట్టదు. ఏసురాజు వచ్చిన రోజు ఇల్లంతా కడిగి, తలస్నానం చేస్తే గానీ పొయ్యి ముట్టించేవారు కాదు. ఆ ఏడు రాజమండ్రి ఎగ్జిబిషన్‌లో దక్షిణామూర్తి గారి కంట ట్రాన్సిస్టరంత పెట్టె ఒకటి పడింది. ప్లగ్గులో పెడితే అతిధ్వనులు వదులుతుందట, ఎలకలు ఆ మోత పడలేక ఇల్లు వదిలిపోతాయట. చంపక్కర్లేదు, కడగక్కర్లేదు. తన పాఠమే ఇంట్లోకి నడిచొచ్చినంత సంబరంగా దాన్ని తెచ్చి ధాన్యం గది గోడకి తగిలించారు. ఆ గోడలో గాలికోసం వదిలిన చిన్న కిటికీ ఉంది. దానికి ఇవతల శ్రీదుర్గ మంచం.

మర్నాడే శ్రీదుర్గ వచ్చి చెప్పింది. "మావయ్యా, ఆ పెట్టె కీచుమంటోంది. చదువు ఎక్కట్లేదు."

"పెట్టె కీచుమనదమ్మా. అల్ట్రాసోనిక్ అంటే ఏంటి, చెప్పు?"

"ఇరవై వేల కంపనాల పైనుండే శబ్దం."

"మనిషికి వినబడుతుందా?"

"వినబడదు."

"మరి నువ్వెవరు?"

వంటింట్లోంచి వరహాలక్ష్మి గారు అందుకున్నారు. "ఎలకేనేమోనండీ! జంతికల డబ్బా ఖాళీ చేసింది కూడా తనే." శ్రీదుర్గ కూడా నవ్వేసింది. ఆ రోజుకి అది నవ్వులో కలిసిపోయింది.

తర్వాత నవ్వు తగ్గుతూ వచ్చింది. శ్రీదుర్గ పుస్తకాలు వీధరుగు మీదికి మార్చింది, చెవుల్లో దూది పెట్టుకుంది, తలనొప్పంటూ అన్నం మానేసింది. దంపతులిద్దరూ పెట్టెకి చెవి ఆనించి విన్నారు. ఏమీ లేదు. "దూది కూడానా? చదవబుద్ధి కాకపోతే అలా అనొచ్చుగా," అన్నారు దక్షిణామూర్తి గారు. అయినా ఆయన సైన్సు మనిషి, పరీక్ష పెట్టకుండా తేల్చలేరు. ఒక సాయంత్రం శ్రీదుర్గ అరుగు మీదుండగా చప్పుడు కాకుండా ప్లగ్గు పీకి, బయటికొచ్చి అడిగారు.

"ఇప్పుడు వినబడుతోందా?"

"ఆఁ, వినబడుతోంది మావయ్యా."

ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, వేలాడుతున్న ప్లగ్గు చూపించారు. శ్రీదుర్గ దాని వంక చూసింది. రెండు చెవులూ మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. వారాల తరబడి ఆ మోతలో పడుకున్న చెవి, మోత ఆగాక కూడా గుయ్యిమంటుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. పిల్ల తప్పు చెప్తూ దొరికిపోయిందని మాత్రమే తట్టింది. పైకి కేకలెయ్యలేదు. ఆయన కోపిష్ఠి కాదు. పెట్టెని మళ్లీ ప్లగ్గులో పెట్టారు.

కాకినాడలో చెవుల డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. నరాల డాక్టరు మాత్రలు రాశాడు. మాత్రలకి శ్రీదుర్గ పుస్తకం మీదే తూగేది. పరీక్షల్లో ఫిజిక్సు పేపరు సగం తెల్లగా వదిలేసి వచ్చింది. ఆమె తండ్రి ఉదయ్‌భాస్కర్ వచ్చి, "ఆరోగ్యం ముఖ్యం కదండీ బావగారూ," అని కూతురి బట్టలు సర్దించారు. బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక శ్రీదుర్గ చాలారోజులకి నోరు విప్పింది.

"నేను అబద్ధం చెప్పలేదు మావయ్యా."

"అబద్ధమని ఎవరన్నారమ్మా? భ్రమ అన్నాను," అన్నారాయన. అది దయగల మాటనే అనుకున్నారు.

ఎలకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి, ఆగస్టు నాటికి పెట్టె మీదే గోనె పీచుతో గూడు కట్టుకున్నాయి. మళ్లీ ఏసురాజుని పిలవక తప్పలేదు. "ఈ రేడియో పాడదేంటండీ?" అని అడిగాడతను బుట్టలు పెడుతూ. అదే వారం కాలేజీలో శబ్దం పాఠం వచ్చింది. ఇంట్లో పనికిరానిది పిల్లలకి చూపించడానికైనా పనికొస్తుందని దక్షిణామూర్తి గారు పెట్టె దులిపి పట్టుకెళ్లారు.

అటెండరు దొరబాబు ప్లగ్గు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది.

"ఇప్పుడీ పెట్టె గట్టిగా అరుస్తోంది. కానీ మన చెవులకి..." అంటూ ఆయన తలెత్తారు. ముందు బెంచీలో దేవిశ్రీ రెండు చేతులతో చెవులు మూసుకుంది. పక్కపిల్ల తల బల్ల మీద ఆనించేసింది. వెనక బెంచీలోంచి గణేష్‌బాబు అరిచాడు. "ఆపండి సార్! పళ్లు జివ్వుమంటున్నాయి సార్!"

"ఏంట్రా, వేషాలా?" అని ఆయన దొరబాబు వైపు తిరిగారు. "నీకేమైనా వినబడుతోందా?"

"ఆయ్, లేదండి. దీపం ఎలిగింది, అంతేనండి. కుర్రోళ్లు మిమ్మల్ని ఆట పట్టిస్తన్నారండి."

తమకి మాత్రం ఏ మోతా లేని ఆ గదిలో ఇద్దరు నడివయసు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. దక్షిణామూర్తి గారు ఒళ్లు కాస్త వంచి, బల్ల చాటున స్విచ్చి కట్టేశారు. క్లాసు క్లాసంతా చేతులు దించింది. స్విచ్చి వేశారు. చేతులు లేచాయి. కట్టేశారు. దిగాయి. ఇంకోసారి వేసి చూడటానికి ఆయన వేలు లేవలేదు.

కుర్చీలో కూర్చుని పుస్తకం తీసి, ఇన్నేళ్లూ దాటేసిన రెండో వాక్యం నెమ్మదిగా చదివారు. పెట్టె చవకది. ఇరవై వేలు దాటాల్సిన శబ్దం ఏ పదహారు వేల దగ్గరో ఆగిపోయి ఉండాలి. పదహారేళ్ల చెవికి అది సూది, యాభై దాటిన చెవికి అసలు లేనేలేదు. దేవిశ్రీ చెయ్యెత్తింది. "ఇది పరీక్షకి వస్తుందా సార్?"

"రాదమ్మా," అన్నారాయన. ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది.

ఇంటికొచ్చి భార్యకి చెప్పారు. వరహాలక్ష్మి గారు వింటూ వింటూ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "పిల్లని ఎలకన్నానండీ నేను," అన్నారు. తర్వాత, "మరి దుర్గకి చెప్పరా?"

"చెప్పాలి. ఫోనులో చెప్పే మాట కాదు. వెళ్తాను."

వెళ్లాలనే అనుకున్నారు. అంతలో గోదావరికి వరదొచ్చింది. వరద తీశాక యూనిట్ టెస్టులొచ్చాయి. ఆ తర్వాత జ్వరం తగిలింది. అన్నీ నిజమైన కారణాలే. రోజూ తెల్లారి లేవగానే బస్టాండులో తను అన్న మాట ఆయనకు వినబడేది, దానికి ఏ హద్దూ అడ్డం రాలేదు. చెల్లెలికి ఏమని చెప్పాలి? ఉదయ్‌భాస్కర్ మొహం ఎలా చూడాలి? ఒకరోజు పేపర్లు దిద్దుతుంటే వరహాలక్ష్మి గారు పక్కన కాఫీ పెట్టి, "మీకు తీరిక లేక కాదులెండి," అని వెళ్లిపోయారు.

దసరా సెలవులకి బయల్దేరారు. ఒళ్లో సంచి, సంచిలో పెట్టె. గోదావరి మీద బస్సు వెళ్తుంటే కింద పట్టాల మీద గూడ్సు బండి నడుస్తోంది. ఇనుము లోపలి పగులు చెప్పింది నమ్మడానికి తనకి ఒక్క నిమిషం పట్టదు. ఇంట్లో పిల్ల ఎదురుగా నిలబడి చెప్తే ప్లగ్గు పీకి పరీక్ష పెట్టారు. వంతెన దాటేదాకా ఆయన నీళ్ల వైపు చూడలేకపోయారు.

శ్రీదుర్గ వాళ్ల వసారాలో చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్తోంది. సెకండియర్‌లో చేరలేదు. మాత్రలు ఇంకా వేసుకుంటోందని చెల్లెలు చెప్పింది. "రండి మావయ్యా," అని లేచి కుర్చీ వేసింది, గలగల లేదు, ముభావమూ లేదు. ఆయన ఏ ముందుమాటా చెప్పలేక, సంచిలోంచి పెట్టె తీసి గోడ ప్లగ్గులో పెట్టారు. చేసి చూపిస్తే మాటలు తక్కువైనా సరిపోతుందనుకున్నారు.

"దుర్గా, వినబడుతోందా?"

దీపం వెలిగిన క్షణంలో శ్రీదుర్గ పిడికిలి ఓణీ కొంగుని బిగించింది. మెడ మీద నరం లేచింది. తల అడ్డంగా ఊపింది.

"లేదు మావయ్యా. నాకేం వినబడట్లేదు. ఇప్పుడు బాగానే ఉంది నాకు."

ఆమె మాట పూర్తయ్యేలోపే చాప మీద పిల్లలు గోల పెట్టారు. "అక్కా, చెవులు పోతన్నాయక్కా!" "ఆపమనక్కా ఆ తాతయ్యని!" ఒక పిల్ల పుస్తకం నెత్తిన పెట్టుకుని దాని కింద దూరింది.

శ్రీదుర్గ మావయ్య వైపు చూడలేదు. పిల్లల వైపు తిరిగింది. "మీకూ వినబడుతోందా?" అంది. మళ్లీ అడిగింది. "నిజంగా? మీ అందరికీనా?"

దక్షిణామూర్తి గారు ప్లగ్గు పీకేశారు. వసారా ఊపిరి పీల్చుకుంది. క్లాసులో జరిగింది చెప్పారు, వయసు సంగతి చెప్పారు. "నీ చెవికి లోపం లేదమ్మా. నాదే ముసలి చెవి. నేనే నమ్మలేదు. తప్పంతా నాదే," అన్నారు. పక్కనున్న చెల్లెలు ఏడుపు మొదలెట్టింది. శ్రీదుర్గ ఏడవలేదు. అంతా విని, ఎప్పుడూ డౌటు అడిగే పద్ధతిలోనే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది మావయ్యా?"

"ఆగస్టులో."

ఆమె గోడ మీద కేలెండరు చూడలేదు. చూడక్కర్లేదు.

"ఆగస్టులో తెలిసిందా," అంది. "ఇన్నాళ్లూ రోజూ ఆ మాత్ర వేసుకున్నాను."

భ్రమ అన్నందుకు ఆయన దగ్గర సంజాయిషీ ఉంది. చెవి, వయసు, పెట్టె. దీనికి ఏదీ లేదు. శ్రీదుర్గ లోపలికెళ్లి ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చి, పిల్లల దగ్గరికెళ్లి ఆగిన ఎక్కం దగ్గర మళ్లీ మొదలుపెట్టించింది.

ఆమె చదువుకుంది. అక్కడే కామర్స్‌లో చేరి, డిగ్రీ చేసి, తణుకులో బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుంది. పండక్కీ పబ్బానికీ అమలాపురం వచ్చేది, అత్తయ్యకి పనిలో సాయం చేసేది, మావయ్యకి మందులు తెచ్చేది. ఏ లోటూ చెయ్యలేదు. "అదెందుకలా మావయ్యా?" అని మాత్రం ఆయన్ని మరి ఎన్నడూ అడగలేదు. కంచం ముందు కూర్చున్నప్పుడు ఆయన వేలు ఒక్కోసారి ఊరికే అన్నం పక్కన గీతలు గీసేది. గడప దాటిన ప్రతి పిల్లనీ ఆ ప్రశ్న అడగటం అప్పటినుంచే మొదలైంది.

ఆఖరి జబ్బులో రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్లింది శ్రీదుర్గే. డాక్టరు ఆయన పొట్ట మీద చల్లటి జెల్లు రాసి స్కానింగు పరికరం జరుపుతుంటే, ఆయన మెల్లగా కళ్లు తెరిచారు. "ఇదే అతిధ్వని," అన్నారు. తర్వాత తల తిప్పి, పక్కనున్న మేనకోడల్ని చూశారు.

"నీకేమైనా వినబడుతోందా దుర్గా?"

"లేదు మావయ్యా," అని ఆమె దుప్పటి సర్దింది.

ఆయన ఆ మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు వసారాలోలా బిగిసిందేమోనని ఆమె పిడికిలి వైపు చూద్దామంటే అది దుప్పటి మడతలో ఉంది.