భయం తగ్గించే పొడి

తొంభైల చివర్లో బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం విశాఖపట్నం వచ్చి, కూర్మన్నపాలెంలో మా అక్క ఇంట్లో దిగాను. బావకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. పిల్లల్లేరు. ఒక తెల్ల పొమేరియన్ కుక్క ఉండేది.

ఆ కుక్కది భయం జబ్బు. ఉన్నట్టుండి మంచం కిందికి దూరి, గోడకి అంటుకుపోయి వణికేది. ముందుకాళ్ల మీద బొచ్చంతా తనే కొరుక్కుని పీకేసుకుంది.

"దీపావళి టపాసులకి బెదిరిపోనాది మరదలా" అన్నాడు బావ. "నరాలకి బలం లేదంట. నాను సూసుకుంటాను కదేటి."

నిజంగానే చూసుకునేవాడు. ద్వారకా నగర్‌లో ఎవరినో పట్టుకుని విదేశీ పొడి డబ్బా తెప్పించాడు. పెరుగన్నంలో రోజూ ఒక చెంచా కలిపితే కుక్కకి మనసు నిమ్మళిస్తుందట. చేపనూనె గుళికలు కూడా తెచ్చాడు. అక్క వాటిని పిన్నుతో పొడిచి అన్నం మీద పిండేది. వంటిల్లంతా నీచు కంపు కొట్టేది. ఆ డబ్బాని బావ వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

"కుక్కనే ఇంత బాగా సూసుకున్నోడు, పెళ్లాన్నెంత బాగా సూసుకుంటాడో" అనేది ఎదురింటావిడ.

ఎన్ని డబ్బాలు మారినా వణుకు తగ్గలేదు. అక్కా నేనూ దాన్ని ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన డబ్బా మీది అక్షరాలు చదివి, "మంచిదేనమ్మా, కొన్నిటికి కాస్త సాయం చేస్తుంది. కానీ ఇది దేనికి భయపడుతోందో అది రోజూ ఎదురుగా ఉంటే ఏ పొడీ పనిచెయ్యదు. ముందు అదేమిటో చూడండి" అన్నాడు. అక్క తల వంచుకుని కుక్క చెవులు నిమురుతూ కూర్చుంది. ఇంటికొచ్చాక డాక్టరు మాట బావతో చెప్పలేదు. "పొడి వాడమన్నారు" అంది, అంతే.

తర్వాత బావని ప్లాంటువాళ్లు ట్రైనింగ్‌కి వేరే ఊరు పంపారు. ఆ రోజుల్లో పొడి అయిపోయినా అక్క కొత్త డబ్బా తేలేదు. కుక్క వాకిట్లో ఎండలో కాళ్లు బారజాపి పడుకునేది. అక్క వంట చేస్తూ చర్చి పాటలు పాడుకునేది. అక్కకి పాడటం వచ్చని నేను మరిచిపోయి చాలా కాలమైంది.

బావ తిరిగొచ్చిన మర్నాడు నాకు క్లాసు లేదు. ఉదయం డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం వచ్చి భోజనానికి కూర్చున్నాడు. స్కూటర్ చప్పుడుకే కుక్క మంచం కిందికి వెళ్లిపోయింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. పులుసులో ఉప్పెక్కువైంది. అక్కవైపు చూశాడు, నావైపు చూశాడు. ఎంగిలి చేత్తోనే లేచి గదిలోకెళ్లి, మంచం కింద నుంచి కుక్కని కాలు పట్టుకుని లాగి, డొక్కలో తన్నాడు. రెండోసారి కూడా. కోపంగా కూడా కాదు, ఏదో పని ముగించినట్టు. తర్వాత చెయ్యి కడుక్కుని, మళ్లీ కూర్చుని, మజ్జిగ అడిగాడు. అక్క పోసింది.

అతను నిద్రపోయాక పెరట్లో అక్కని పట్టుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"నువ్వుండబట్టి కుక్కతో సరిపోనాది."

"అమ్మావాళ్లకి సెప్పనా?"

"సెప్పి ఏటి సేత్తావ్? చర్చి సంఘంలో పెద్ద ఆయన. ఎవరు నమ్ముతారు?" అని, గిన్నెలు తోముతూనే, "కుక్కనట్టుకుపోవే. నన్ను మాత్రం రమ్మనకు" అంది.

ఉద్యోగం వచ్చాక మధురవాడలో గది తీసుకుని, తోడుకని బావనడిగి కుక్కని తెచ్చుకున్నాను. అక్కనీ రమ్మన్నాను, ఒకసారి కాదు. రాలేదు. కుక్కకి పొడీ గుళికలూ ఏవీ పెట్టలేదు. వర్షాకాలం ముగిసేసరికి కాళ్ల మీద బొచ్చు వచ్చేసింది. స్కూటర్ ఆగిన చప్పుడుకి మాత్రం చచ్చేదాకా చెవులు వెనక్కి వాల్చేది.

కొన్నేళ్ల తర్వాత, కుక్క ఇంకా నా దగ్గరుండగానే, అక్కావాళ్లింట్లో ప్రార్థన కూటం జరిగింది. భోజనాల దగ్గర ఒకాయన తన కుక్క ఉరుములకి వణుకుతోందని చెప్పుకొచ్చాడు. బావ ఉత్సాహంగా అందుకున్నాడు.

"మా దానికీ ఇలాగే ఉండేది బ్రదరూ. నాను ఒక పొడి తెప్పించాను. మా మరదల్నడుగు, ఇప్పుడెంత నెమ్మదిగా ఉంటాదో."

అందరూ నావైపు తిరిగారు. అక్క పప్పుచారు గరిటె పట్టుకుని బావ వెనకే నిలబడి ఉంది. నన్ను చూసి, చాలా చిన్నగా తల అడ్డంగా ఊపింది.

"అవునండీ, తగ్గింది" అన్నాను.

ఆ వచ్చినాయన పొడి పేరు అడిగాడు. అక్కే చెప్పింది, ఒక్క అక్షరం తడబడకుండా, పెరుగన్నంలో ఎంత కలపాలో కూడా.