నాకు తెలియకుండా అమ్మ పట్టుకున్న చెయ్యి

దయ్యాలు, ఆత్మలు అంటే నేను నవ్వేవాణ్ణి. పనికోసం వలసొచ్చిన ఊళ్ళో, ఖటోదరా పేటలోని మా కార్ఖానాలో ఎవరైనా ఆ మాటెత్తితే, "పన్నెండు గంటల డ్యూటీ చేసెటోని జోలికి దయ్యం గూడ రాదు, దానికి గూడ జాలి ఉంటది" అనేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

నేను సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాణ్ణి. పోయిన ఏడు కార్ఖానాలో బిగుసుకుపోయిన కిటికీ తెరవబోతే అద్దం పగిలి కుడి మణికట్టు తెగింది. నరం కుట్టారు. గాయం మానింది కానీ వేళ్ళు మొద్దుబారాయి. ఒకసారి వేడి పెనం మీద చూపుడువేలు ఆనించి, కమురు వాసన వచ్చేదాకా తెలుసుకోలేదు.

డాక్టరు ఓపికగా చెప్పాడు. తెగినచోటు నుంచి కిందికి నరంలోని పోగులు చచ్చి కరిగిపోతాయట. వాటి గొట్టాలు మాత్రం ఖాళీగా మిగులుతాయట. పైనుంచి కొత్త పోగులు మొలిచి, ఆ గొట్టాల్లోంచి వేళ్ళదాకా రావాలి. అవి రోజుకు బియ్యపు గింజ మందమంత కూడా ముందుకు రావు. "సబర్ రఖో భాయ్", ఓపిక పట్టమన్నాడు. ఓపిక తప్ప నా దగ్గర ఏముంది కనుక?

అప్పుడే అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అమ్మ బతుకంతా పడుగు అతికింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పోగును పాత పోగు కొసకు మెలిపెట్టి కలపడం ఆమె పని. ఒక్క పోగు వదిలినా బట్టలో గీత పడుతుంది.

అదే ఊళ్ళో డిండోలిలో మాది ఒకటే గది. నాకు పని లేదు కనుక అమ్మ దగ్గర నేనే ఉండేవాణ్ణి. చివరి రోజు, ముందురాత్రంతా మేలుకుని, మధ్యాహ్నం మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. కుడిచెయ్యి మంచం మీద పెట్టి, తల వాల్చి నిద్రపోయాను. నా భార్య సరిత ఏడుస్తూ భుజం కుదిపితే లేచాను. అప్పటికే అయిపోయింది.

పోయేముందు అమ్మ నాకోసం చూసిందా లేదా? అదొక్కటే నన్ను తినేసింది. సరితను అడిగితే "ఊపిరి సల్లగ ఆగింది, గంతే" అని గిన్నెల వైపు తిరిగేది.

నెలలు గడిచాయి. రింగ్ రోడ్ మార్కెట్లో ఒక దుకాణం ముందు కాపలా పనికి కుదిరాను. ఒకరోజు పట్టపగలు స్టూలు మీద కూర్చుని ఉండగా, ఎవరో నా బొటనవేలి కొస పట్టుకుని మెలిపెట్టారు. ఉలిక్కిపడి చూశాను. చెయ్యి నా ఒళ్ళోనే ఉంది, దగ్గర్లో ఎవరూ లేరు. తర్వాత చూపుడువేలు. తర్వాత మధ్యవేలు. అక్కడ ఆగిపోయింది.

కాసేపటికి మళ్ళీ బొటనవేలి నుంచి మొదలైంది. పొడిగా, గరుకుగా ఉన్న రెండు వేళ్ళ ఒత్తిడి అది. డ్యూటీ దిగగానే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు ఆశ్చర్యపోలేదు. కొత్త పోగులు ఊరికే ఇలా ఉలికిపడుతుంటాయన్నాడు. తెగిన నరం ముఖ్యంగా ఆ మూడు వేళ్ళకు వెళ్ళేదే, చిటికెనవేలిది వేరే నరం, అది తెగలేదు, ఆ వేలికి స్పర్శ బాగానే ఉందన్నాడు. నా మనసు కుదుటపడింది.

ఇంటికొచ్చి నవ్వుతూ సరితకు చెప్పాను. ఎలా మెలిపెట్టినట్టుందో ఆమె వేళ్ళమీద చేసి చూపించాను. ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నీకెవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదన్నాను.

"అత్తమ్మ గిట్లనే చేసింది. నువ్వు నిద్రల ఉన్నవ్. నీ చెయ్యి అందుకొని ఒక్కొక్క ఏలు గిట్లనే మెలిపెట్టుకుంట వచ్చింది. పావురంగ, ప్రేమతోని పట్టుకున్నదనుకొని నిన్ను లేపలే. నడిమి ఏలు కాడికి రాంగనే ఆమె చెయ్యి జారిపోయింది. మొద్దుచెయ్యాయె, నీకు తెల్వకపాయె. చెప్తే ఇంకింత కుములుతవని దాసిన."

ఈ మాట ఎవరి దగ్గరా అనలేదని సరిత ఒట్టు పెట్టింది. అమ్మ పట్టుకున్న రోజు నా వేళ్ళలో ఆ కబురు మోసే పోగే లేదు. మరి అది ఇన్ని నెలలు ఎక్కడ ఆగింది, ఏ దారిన వచ్చింది? డాక్టరును మళ్ళీ అడగలేదు.

అమ్మ నాకోసం చూసిందని తెలిసింది కదా, మనసు చల్లబడాలి. చల్లబడలేదు. ఇంకొక్క వేలు దాటి చిటికెనవేలి దాకా వచ్చి ఉంటే, నేను లేచేవాణ్ణి.